విదిలించని చెయ్యి

ధర్మవరం, 1998
ఆదివారం, రాత్రి

నిద్ర పట్టడం లేదు. రోజూ సాయంత్రం టైపు క్లాసు నుంచి వచ్చేటప్పుడు రైల్వే గేటు దగ్గర వెంటపడేవాడి సంగతి ఇంట్లో చెప్పలేదు. ఒంటికి మంచిదని మాత్రం చెప్పి కరాటేలో చేరాను. ఈరోజు మాస్టర్ నా మణికట్టు పట్టుకుని, "గట్టిగా ఇదిలించమ్మా!" అన్నాడు. నా చెయ్యేమో మెత్తబడిపోయింది. పోగు చిక్కుపడితే లాగకూడదు, వదులు చేసి తీయాలని చిన్నప్పటి నుంచి మగ్గం మీద నేర్చుకున్న చెయ్యి అది. అందరూ నవ్వారు. ఒళ్లు మండిపోయింది.

ఇంటికొచ్చి ఆ మాట నాయనకు చెప్పాను. ఆయన మగ్గం గుంతలోంచి లేచొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇప్పుడు ఇదిలించు, చూస్తా."

"నీకు దెబ్బ తగుల్తాది నాయనా."

"తగలనీలే. నేనేం పోగునా తెగిపోనీకి?"

ఎంతకీ వదల్లేదు. నొప్పి పుట్టి, కోపమొచ్చి, ఒక్కసారిగా విదిలించాను. ఆయన మోచెయ్యి పోయి మగ్గం గుంజకు కొట్టుకుంది. రుద్దుకుంటూ, "అంతే. ఆ గేటు కాడుండేవాడు ఇంతకన్నా గట్టిగా పట్టుకుంటాడు" అని మళ్లీ గుంతలోకి దిగిపోయాడు.

ఆయనకెవరు చెప్పారు? ఈ వారమంతా పొద్దుగూకేటప్పుడు, "కాళ్లు పట్టేసినాయి, అట్ల తిరిగొస్తా" అని బయటికి పోతున్నాడు. నేను గేటు దాటేదీ అప్పుడే. ఒక్కడే వాడి మీదికి పోతే? ఆయన చెయ్యి కూడా మగ్గం మీద పెరిగిందే కదా...