నోటిమాట కౌలు

ఏమయ్యా,

పక్కింటి పిల్లతో ఈ ఉత్తరం రాయిస్తున్నాను. నువ్వు కన్నుమూసేముందు, కరోనాకు లారీలు ఆగి మన అరటిగెలలు చెట్టుమీదే కుళ్లాయి కదా. దానికి సర్కారిచ్చిన సాయం చేను ఆసామికే పోయింది. చాకిరీ మనది, పాసుబుక్కు ఆయనది.

ఈ ఉగాదికి నేను కౌలు కాగితం అడిగాను.

"ఏందక్కా, నీ మొగుడు ఇరవై ఏండ్లు నోటిమాట మీదే చేసినాడు. నామీద నమ్మకం లేదా?" అన్నాడు ఆసామి.

"ఉన్నిందప్పా. సాయం దుడ్లు నువ్వు తిన్నంక పోయింది," అన్నాను.

చేను వేరేవాళ్లకిచ్చాడు. ఈ పొద్దున గట్టుమీద నిలబడి, దున్నుతున్న కొత్త కౌలుదారును అడిగాను.

"కాగితం రాయించుకున్యావా నాయనా?"

"పెద్దాయన మాటిచ్చినాడులేమ్మా," అన్నాడు, ట్రాక్టరు ఆపకుండానే.