నోరు పెగలని మధ్యాహ్నం

మంగళవారం, రాత్రి

నానమ్మ నిద్రపోయింది. ఆక్సిజన్ మిషన్ చప్పుడు ఇవాళ ఎంత హాయిగా ఉందో!

మధ్యాహ్నం కరెంటు పోగానే యూపీఎస్ ఆగకుండా కూయడం మొదలుపెట్టింది. ఓవర్‌లోడ్ అని ఎర్ర లైటు. ఫ్రిజ్, ఫ్యాన్లు ఆపేశాను. అయినా కూత ఆగలేదు. అప్పుడు వినిపించింది, పక్కింటి లక్ష్మి పిన్నిగారి గ్రైండర్. పూతరేకుల పిండి మధ్యలో ఆగకూడదని అమ్మే కిటికీలోంచి ఆవిడకు మా యూపీఎస్ లైను ఇచ్చింది. అమ్మేమో ఇంట్లో లేదు. తీసేయమని అడగడానికి కిటికీ దగ్గర నిలబడ్డాను. నోరు పెగల్లేదు.

ఇంతలో యూపీఎస్ ఆగిపోయింది, దాంతో ఆక్సిజనూ. నానమ్మ నావైపు చూసింది.

"పిన్నిగారూ, గ్రైండర్ తీసేయండి!" నా గొంతేనా అది?

ఆవిడ ప్లగ్గు పీకి, పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చారు. యూపీఎస్ ఆపి మళ్ళీ వేశాను. మిషన్ నడిచింది.

"మామ్మగారి ఊపిరి కన్నా నా పిండి ఎక్కువటే? కూసే ఆ డబ్బాకున్న నోరైనా లేదేంటే నీకు!"

ముక్కుకు గొట్టంతోనే నానమ్మ నవ్వింది.

అమ్మ వచ్చాక పిన్నిగారింటికి వెళ్ళాను. కరెంటు ఇంకా రాలేదు. మిగిలిన బియ్యం రోట్లో రుబ్బుతున్నారు. థాంక్స్ చెప్పబోతే, "అదెందుకమ్మా, ఇలా వచ్చి పొత్రం పట్టు" అన్నారు.

చేతులు నొప్పెట్టి అక్షరాలు వంకరగా పడుతున్నాయి. పడనీ.