తెల్ల మాత్ర వేయొద్దు

నాన్నా,

నేను వచ్చేదాకా నానమ్మకి తెల్ల మాత్ర వేయొద్దు. పాలు మాత్రం కొంచెం కొంచెంగా పట్టు. నువ్వొచ్చేదాకా నానమ్మ దగ్గర కూర్చుంటానని పక్కింటి అత్త అంది.

నిన్న డాక్టరు గారు వీడియోలో "ఆ తెల్ల మాత్ర మాత్రం" అంటుండగానే నెట్ ఆగిపోయింది. కదలని ఆయన మొహానికి నువ్వు చాలాసేపు తలూపావు. తర్వాత "రెండు వేయమనే అనుంటారులే" అని వేసేశావు. పొద్దున లేపితే నానమ్మ నన్ను గుర్తుపట్టలేదు. ఆస్పత్రిలో ఫోను ఎత్తడం లేదు, అందుకే అడిగి రావడానికి బస్సులో వెళ్తున్నాను.

నెట్ కంపెనీకి మూడుసార్లు ఫోను చేశాను. "నెట్ పెట్టె ఆపి మళ్లీ వెయ్యమ్మా, ఇక్కడ మాకంతా బాగానే కనబడుతోంది" అన్నాడు అక్కడాయన. మాకు కనబడటం లేదండీ అనేలోపే పెట్టేశాడు. ఫిర్యాదు పరిష్కారమైందని మెసేజ్ కూడా వచ్చింది.

ఇంకొకటి నాన్నా. నిన్న నువ్వు కంపెనీ వాళ్లని తిడుతున్నంతసేపూ నేను నోరు విప్పలేదు. మన నెట్ ఇద్దరికి సరిపోదని, డాక్టరు గారు మాట్లాడేటప్పుడు ఎవరూ ఫోను ముట్టుకోవద్దని చెప్పావు కదా. అప్పుడు నేను వంటగదిలో నా ఫోనులో పాఠం వీడియో దించుకుంటున్నాను. గుర్తొచ్చి ఆపేసరికి డాక్టరు గారు వీడియోలోంచి వెళ్లిపోయారు.