మంద లోపలికి వచ్చే వేళ

ఫిబ్రవరి 9

ఆబోతు చచ్చిపోయింది. ఆయనకు ఎలా చెప్పను?

ఫిబ్రవరి 10

చెప్పక్కర్లేకుండానే తెలిసిపోయింది. పొద్దున కర్ర పట్టుకుని ఒక్కో అడుగే వేసుకుంటూ షెడ్డులోకి వచ్చారు. ఖాళీ కట్టుకొయ్యను ఎడమచేత్తో పట్టుకుని ఊపారు. ఏడుస్తారనుకున్నాను. ఏడవలేదు. నేనే ఏడ్చాను.

స్ట్రోక్ వచ్చి నాలుగు నెలలు. కుడిచెయ్యి పోయింది, మాటలు పోయాయి. మాటలన్నీ పోలేదు, అదే విచిత్రం. పశువుల మాటలు మిగిలాయి. మా అమ్మాయిని పెయ్య అంటారు. హాస్పిటల్లో పెద్ద డాక్టర్ని ఆబోతు అన్నారు. ఆ డాక్టర్ కోపం తెచ్చుకోలేదు గానీ నర్సు బయటికెళ్ళి నవ్వుకుంది. కరెంటు పోతే టీవీ వైపు చెయ్యి చూపించి ఒట్టిపోయింది అంటారు, అదేదో పాలు మానేసిన ఆవన్నట్టు. నన్ను చూస్తే మాత్రం ఏ మాటా రాదు. నోరు తెరుస్తారు, వెతుక్కుంటారు, మూసేస్తారు. ఇరవై రెండేళ్ళ కాపురం. కనీసం ముసలి ఆవు అనైనా అనొచ్చు కదా.

సాయంత్రం గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటారు. నేను పశువులను మేత నుంచి తోలుకొస్తాను. అన్నీ లోపలికి వెళ్ళి, వెనక నేను కూడా వచ్చి గడియ వేశాక, మంద అంటారు. ఆ మాట అన్నాకే కుర్చీలోంచి లేస్తారు, అప్పుడే అన్నం తింటారు. ఎంత బతిమాలినా అంతకుముందు ముద్ద ముట్టరు.

ఫిబ్రవరి 16

మరిది వచ్చాడు. పశువులు అన్నదమ్ములిద్దరివీ. సగం ఆవులు ఒట్టిపోయాయి, ఆబోతు కూడా లేదు, వానలు పడేలోపు చూలు నిలిస్తే ఉంచుదాం వదినా, లేకపోతే అమ్మేద్దాం అన్నాడు. అన్నయ్య మందుల సంగతి నాకొదిలెయ్ అని కూడా అన్నాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే హాయిగా తిట్టుకునేదాన్ని.

పశువులు పోతే ఈయనకు మిగిలిన ఆ కాసిని మాటలు కూడా పోతాయి. ఇదే మరిదికి చెబితే, సెంటిమెంట్ పెట్టుకోకు వదినా అన్నాడు. సెంటిమెంట్ కాదు. భయం.

ఫిబ్రవరి 24

ఆవులకు చూలు సూది వేసే అతన్ని రెండుసార్లు పిలిచాను. రెండుసార్లూ లేటైపోయిందమ్మా అన్నాడు. ఆవు ఎదకొచ్చిందని నేను కనిపెట్టేసరికి ఎద చల్లారిపోతోంది. అది ఎప్పుడూ ఆయన పని. మంచం మీద పడుకుని అరుపు వింటే చాలు, ఏ ఆవో, ఇవాళో రేపో చెప్పేసేవారు. నాకు పాలు పితకడం వచ్చు, పేడ ఎత్తడం వచ్చు. ఇన్నేళ్ళు షెడ్డులో ఉండి నేను చూసిందేమిటో!

మార్చి 2

కోడె ఉంది! కిందటేడు వేరే షెడ్డు నుంచి తెచ్చాం, వాడు పుట్టి ఏడాది దాటి మూడు నెలలై ఉంటుంది. కళ్ళెదుట పెట్టుకుని ఇన్నాళ్ళూ గింజుకున్నాను.

పశువుల డాక్టరమ్మ చూసింది. వయసు తక్కువమ్మా, వాడొచ్చు గానీ పొదుపుగా వాడాలి అంది. ముందు చిన్న పెయ్యలకు కట్టించండి, పెద్ద ఆవుల జోలికి పోనివ్వకండి, పని కాగానే విడిగా కట్టేయండి, మందలో మాత్రం వదలొద్దు అంది.

ఆయన్ని తీసుకెళ్ళి చూపించాను. వాడి నడుమూ తుంటీ తడిమి, దూడ అన్నారు. దూడ కాదండీ, కోడె అన్నాను. దూడ అన్నారు మళ్ళీ, గట్టిగా. పాపం, మాట దొరకలేదు అనుకున్నాను.

మార్చి 6

నల్లమచ్చ పెయ్యకు కట్టించాం. దాని అరుపులకు నాలాంటి దానికి కూడా ఎద సంగతి తెలిసిపోయింది. కోడె మొదటిరోజు బడికొచ్చిన పిల్లాడిలా అటూ ఇటూ దిక్కులు చూశాడు. తర్వాత దారిలో పడ్డాడు. అమ్మాయి సిగ్గుపడి ఇంట్లోకి పారిపోయింది. నేను సిగ్గు లేకుండా చప్పట్లు కొట్టాను.

మార్చి 21

మరిది ఫోన్. ఎన్నిటికి కట్టించావు వదినా అన్నాడు. ఒకటి అనడానికి నోరు రాలేదు. మిగతావి ఎప్పుడు ఎదకొచ్చి పోతున్నాయో నాకు తెలియడం లేదు.

నాకు తెలియదు. కోడెకు తెలుస్తుంది.

మార్చి 22

వాణ్ని మందలో వదిలేశాను.

ఆయన కర్రతో గేటు మీద కొట్టారు. దూడ, దూడ, దూడ. నేను చెవిన పెట్టలేదు. టీవీని ఒట్టిపోయింది అనే మనిషి మాట పట్టుకుని చేతులు ముడుచుకుని కూర్చోవాలా?

ఏప్రిల్ 4

కోడె తిండి కూడా మరిచిపోయి ఓవర్‌టైం చేస్తున్నాడు. ఇవాళ ఎర్రావు, మొన్న కుంటి ఆవు, అంతకుముందు రెండు. మరిదికి నేనే ఫోన్ చేసి గొప్పలు చెప్పుకున్నాను. చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయాను.

ఏప్రిల్ 25

ఎర్రావు మళ్ళీ ఎదకొచ్చింది. ఈసారి నాకే తెలిసింది. తెలియకపోయినా బాగుండేది.

ఏప్రిల్ 29

ఇంకో రెండు. ఏదీ నిలవలేదు. కోడె పక్కటెముకలు బయటపడ్డాయి. ఎర్రావు వాడికి రెండింతలుంటుంది. అది మీదపడి తోస్తుంటే వీడు తప్పుకోలేక తప్పుకోలేక మళ్ళీ దాని వెనకే వెళ్తాడు. విడిగా కట్టేద్దామని తాడు తీశాను. వానలు గుర్తొచ్చాయి. ఇంకో వారం చూద్దామని తాడు మళ్ళీ మేకుకు తగిలించాను.

మే 3

కోడె పడిపోయాడు. ఎర్రావు పక్కకు తిరిగితే జారి, వెనక కాళ్ళు విడిపోయి పడ్డాడు. డాక్టరమ్మ వచ్చింది. తుంటి పోయింది, నడుస్తాడు గానీ ఇక దీనికి పనికిరాడు అంది. మందలో వదిలారా అని అడిగింది. ఔనన్నాను. వీడింకా దూడ కదమ్మా అంది.

అదే మాట.

ఆయన పక్కనే కూర్చుని వాడి చెవి నిమురుతున్నారు. నావైపు చూడలేదు.

మనుషులను, టీవీని అన్నప్పుడే ఆ మాటలు తప్పు. పశువులను అన్నప్పుడు ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా తప్పలేదు. ఎర్రావును ఒట్టిపోయింది అన్నారు, ఆ వారమే అది పాలు మానేసింది. అప్పుడు విన్నాను కదా. కోడె విషయంలో ఎందుకు వినలేదు? వింటే నాకు ఇంకో దారి లేదు కాబట్టి. ఛీ, నా బతుకు.

మే 30

మబ్బులు.

జూన్ 8

లారీ వచ్చింది. మరిది, బేరగాడు, ఇద్దరు మనుషులు. ఆయన గేటు దగ్గర కుర్చీలోంచి చూస్తున్నారు. ఎర్రావు ఎక్కింది. కుంటి ఆవు ఎక్కనని మొండికేసింది, తోక మెలిపెట్టి ఎక్కించారు. నేను ఎవరినీ ఆపలేదు. ఏ మొహం పెట్టుకుని ఆపను?

నల్లమచ్చ పెయ్య వంతు వచ్చేసరికి ఆయన లేచారు. కర్ర కూడా లేకుండా. దాని డొక్క మీద ఎడమచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడి, చూడి అన్నారు, కడుపుతో ఉందన్నట్టు. మరిది నవ్వాడు. అన్నయ్య నిన్న నన్ను కూడా చూడి అన్నాడు వదినా అన్నాడు. బేరగాడూ నవ్వాడు.

నిజమే, మార్చి తర్వాత ఆ పెయ్య అరిచిన గుర్తు లేదు. కోడె గొడవలో పడి నేనే గమనించలేదు. వెళ్ళి తాడు లాక్కున్నాను. చూడి పశువును అమ్మను అన్నాను. పరీక్ష చేయించావా అన్నాడు మరిది. చేయించాను, ఇప్పుడేగా చేశారు అన్నాను. నా గొంతు విని నాకే భయమేసింది. మరిది బేరగాణ్ని లారీ వైపు తీసుకెళ్ళాడు.

కోడె చివర్లో కుంటుకుంటూ ఎక్కాడు. ఎక్కడికి తీసుకెళ్తారని నేను అడగలేదు. ఎందుకు అడగలేదో నాకు తెలుసు.

జూన్ 9

గేటు దగ్గర కూర్చున్నారు. చీకటి పడ్డా లేవలేదు. అన్నం తినలేదు.

జూన్ 10

ఇవాళా తినలేదు. నోట్లో పెడితే ఉమ్మేశారు. మరిదికి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు అరిచాను. పాపం, అతనేం చేస్తాడు. అమ్మాయి కుర్చీ పక్కన కూర్చుని, నాన్నా, మిగతా పశువులు లేవు, వెళ్ళిపోయాయి అని మెల్లగా చెప్పింది. ఆయన దాన్ని పెయ్య అని కూడా అనలేదు. పొద్దుటి నుంచి ఒక్క మాట లేదు. నేను భయపడిందే అయింది. దేవుడా, ఈ మనిషిని ఏం చేసుకోను?

జూన్ 11

సాయంత్రం పెయ్యను వెనక దారిన బయటికి తీసుకెళ్ళాను. రోడ్డు చివరిదాకా నడిపించి గేటు వైపు తిప్పాను. అది లోపలికి వెళ్ళింది. ఆయన ఏమీ అనలేదు. రోడ్డు వైపే చూస్తున్నారు. ఇంక ఎవరొస్తారండీ, అయిపోయింది అందామనుకున్నాను.

ఆయన చూస్తున్నది నన్ను. నేనింకా గేటు బయటే నిలబడి ఉన్నాను.

లోపలికి వచ్చి గడియ వేశాను.

మంద అన్నారు. లేచారు.