ఫైలకాలో నీ వంటిల్లు

అమ్మా,

నువ్వు పనిచేసిన ఇల్లు ఇవాళ చూశాను. సబా అల్ సలేంలో నా యజమానురాలు, నువ్వు పెంచిన పాపే, ఇప్పుడు నేను మామా అని పిలిచే ఆవిడ, తన పాత ఊరు చూపిస్తానని నన్ను ఫైలకా దీవికి తీసుకెళ్లింది. యుద్ధంలో ఖాళీ అయిన ఆ ఊళ్లో గోడల నిండా తూటాల చిల్లులే. నీ వంటింట్లో పొయ్యిగట్టు మిగిలింది. దాని మీద దుమ్ము నా చున్నీతో తుడిచాను.

అక్కడే మామా మొదటిసారి చెప్పింది. సైనికులు అందరినీ పడవలెక్కిస్తుంటే, మామా వాళ్ల నాన్న, అంటే నీ కఫీల్, బీరువాలో దాచే నీ పాస్‌పోర్టు కోసం నువ్వు దిగిపోయావట.

"ఇప్పుడే వచ్చేత్తాను పాపా," అంది మామా, నువ్వన్న మాటే, తెలుగులో, అచ్చం నీ యాసలో.

పడవ కదిలాక వాళ్ల నాన్న జేబు తడుముకుంటే, అందరివాటితో పాటు నీదీ అందులోనే ఉందట. పడవ వెనక్కి తిప్పారా అని నేను అడగలేదు.

నువ్వు రాలేదు గానీ నీ పాస్‌పోర్టు మన ఇంటికి వచ్చింది. నాకున్న నీ ఫొటో అదొక్కటే. అదెలా మిగిలిందో ఇన్నేళ్లూ నాకు తెలియదు.

తిరుగు పడవ ఎక్కబోతూ, "నా పాస్‌పోర్టు ఎక్కడుంది మామా?" అని అడిగాను.

"బీరువాలో భద్రంగా ఉంది. యల్లా, ఎక్కు," అంది.