మాగ్నెట్ కింద పెట్టె

అక్కకు,

తమ్ముడు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వూ బావగారూ పిల్లా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఈ క్షేమం అన్న మాట రెండుసార్లు కొట్టేసి మళ్లీ రాశాను. ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు చెప్పనీ.

నీ మరదలి మోకాలినొప్పి తగ్గింది. నన్ను తిట్టడానికి మేడ దిగి షెడ్డుదాకా వస్తోందంటే చూసుకో. బావగారు అడిగిన పాత రేడియో నాబ్ దొరికింది, పంపిస్తాను.

నాన్న బండికి తుప్పు గీకి రంగు వేయించాను. చిన్నప్పుడు నువ్వు గోడకు గుద్దినప్పటి ట్యాంకు సొట్ట మాత్రం తీయించలేదు. రంగులు వేసేవాడు నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. ఇంజన్ ఇంకా నోరు విప్పలేదు. కిక్కు కొట్టీ కొట్టీ నా పిక్కలు పట్టేశాయి. నాన్న వాడిన రకం కంప్యూటర్ ఎక్కడా దొరక్క, పాడైన మూడింటిలోంచి ఏరి ఒకటి తయారుచేశాను. తెర మీద ఆకుపచ్చ అక్షరాలు వెలిగిన రోజు ఒక్కణ్నే చప్పట్లు కొట్టుకున్నాను.

ఇక అసలు సంగతి. నాన్న పెట్టెలో తొమ్మిది ఫ్లాపీలు దొరికాయని రాసినప్పటి నుంచి నువ్వు అడుగుతున్నది ఒకటే: వాటిలో నా గురించి ఒక్క ముక్కయినా ఉందా అని. నువ్వు చెప్పాపెట్టకుండా ఉద్యోగం మానేసి వెళ్లిపోయాక ఆయన చివరి నాలుగేళ్లూ నీతో మాట్లాడలేదు. రోజూ మధ్యాహ్నం కూర్చుని ఏదో టైపు చేసుకునేవారు, నేను వెళ్తే తెర ఆర్పేసేవారు. కంప్యూటర్ ఇంకా సిద్ధం కాలేదని నీకు రెండుసార్లు రాశాను. మొదటిసారి రాసింది నిజం. రెండోసారి రాసింది అబద్ధం అక్కా.

బండికి స్పార్క్ రావడం లేదని మాగ్నెట్ విప్పాను. అంటే ఇంజన్ పక్కన తిరిగే బరువైన చక్రం, లోపలంతా అయస్కాంతాలే. దుమ్ము పడకుండా కాస్త ఎత్తులో పెడదామని దాన్ని తీసుకెళ్లి ఫ్లాపీల పెట్టె మీద పెట్టాను. అయస్కాంతం దగ్గరికొస్తే ఫ్లాపీలో రాత తుడిచిపెట్టుకుపోతుందని పదిమందికి పాఠాలు చెప్పేవాణ్ని నేనే. బండి దగ్గరున్నప్పుడు నాకు కంప్యూటర్ గుర్తుండదు, కంప్యూటర్ ముందు కూర్చుంటే బండి గుర్తుండదు. మూడు రోజులు అది అక్కడే ఉంది. పెట్టెలోని ఎనిమిదీ పోయాయి. ఒక్కొక్కటీ పెట్టి చూశాను, గరగర తప్ప ఏమీ లేదు.

వారం రోజులుగా నాకు కుదురు లేదు. పోస్టుమాన్ సైకిల్ బెల్లు వినిపిస్తే నీ ఉత్తరమేమోనని షెడ్డులోకి పోయి తలుపేసుకుంటున్నాను. నీ మరదలు చూసీ చూసీ చివరికి అనేసింది: "వదినకి రాసెయ్యండి. దాచినన్నాళ్లూ మీకు తిండి సయించదు, ఆవిడకి ఆశ చావదు."

తొమ్మిదోది మిగిలింది. డ్రైవ్ పరీక్షించడానికి తీసి అందులోనే మరిచిపోయాను, నా మతిమరుపు ఒక్కసారైనా పనికొచ్చింది. ఫైళ్ల జాబితా కనిపించింది. పదకొండు ఉన్నాయి. పదింటికి క్లచ్చు, బ్రేకు, చైను అంటూ బండి భాగాల పేర్లే. పదకొండోదాని పేరు చిట్టి.

నిన్ను అలా పిలిచింది ఆయనొక్కరే కదా.

నేను తెరవలేదు. ఫ్లాపీ బయటికి తీస్తే డ్రైవ్ లోపల గోధుమరంగు పొడి అంటుకుని ఉంది. రాత నిలిచే పైపూతే రాలిపోతోంది. కంప్యూటర్ దాన్ని ఇంకొక్కసారి చదువుతుందేమో, ఆ తర్వాత నమ్మకం లేదు. నేనే చదివి నీకు రాద్దామనుకున్నాను. కానీ ఆయన నిన్ను తిట్టి ఉంటే ఆ మాటలు మెత్తగా మార్చి రాస్తాను, నా సంగతి నాకు తెలుసు. మెచ్చుకుని ఉంటే నువ్వు నమ్మవు, తమ్ముడు ఓదారుస్తున్నాడనుకుంటావు. ఒకసారి నీకు అబద్ధం రాసిన చేయి ఇది.

అందుకని నువ్వే రా. వచ్చి ముందు నన్ను కడుపునిండా తిట్టు. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని మీట నువ్వే నొక్కు. ఏం వచ్చినా, ఏమీ రాకపోయినా పక్కనే ఉంటాను. ఫ్లాపీని కాగితంలో చుట్టి మేడ మీద బట్టల అల్మారాలో పెట్టాను. అది ఎన్నాళ్లు ఆగుతుందో నేను చెప్పలేను. తొందరగా బయలుదేరు అక్కా.

ఇట్లు,
నీ ముఖం చూడాలంటే భయపడుతూనే నీ కోసం ఎదురుచూస్తున్న
నీ తమ్ముడు