నీ వీపు మీద మచ్చ

రియేకా,
1983 మార్చి

ప్రియమైన బెరిస్లావ్‌కి,

ఇక్కడ మీ అమ్మ క్షేమం. పిల్లి అంతకన్నా క్షేమం, నీ కుర్చీ ఇప్పుడు దానిదే. నేనూ బాగున్నానని రాసి కొట్టేశాను. నా సంగతి తర్వాత చెబుతాను. నువ్వెలా ఉన్నావని ఈసారి మాటవరసకు అడగడం లేదు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. కొండల మీంచి కొట్టే బూరా గాలికి మన ఇంటి పెంకులు ఎగరలేదు. పక్కింటివాళ్ళ పొగగొట్టం మాత్రం మన పెరట్లో పడింది. అమ్మ మోకాళ్ళ నొప్పులకు డాక్టరు దగ్గరికి రమ్మంటే రానంటోంది. పళ్ళ సారా, అదే రాకియా, పట్టిస్తోంది. కాళ్ళకు కొంత, గొంతులోకి కొంత.

మీ ఆవిడ లేబరేటరీలో ఏం చేస్తుందని ఓడలో అడిగారన్నావు. చర్మం పెంచుతుందని చెప్పు. ఆపరేషన్లలో తీసేసిన ముక్కలు ఆస్పత్రి నుంచి మాకొస్తాయి. వాటిని కణాలుగా విడదీసి, పళ్ళెంలో వేసి, మేత పోసి, వెచ్చగా ఉంచుతాం. మంచి కణాలు పెరుగుతూ పెరుగుతూ పక్కదాన్ని తాకగానే ఆగిపోతాయి. కాన్సర్ కణాలు ఆగవు, ఒకదాని మీదొకటి ఎక్కేస్తాయి. ఎందుకు ఆగవో తెలుసుకోవడమే మా పని. ఇదంతా మీ అమ్మకు చెప్పానా,

"అయితే పెరుగు తోడేసినట్టు చర్మం తోడేస్తావన్నమాట! ఆ చేతుల్తోనేనా నాకు వండి పెట్టేది?" అంది.

"కడుక్కునే వండుతున్నా అత్తయ్యా."

"చాల్లే పిల్లా. ఇవాళ్టి నుంచి చేపలు నేనే కడుగుతా."

ఇక నువ్వు పంపిన ఫోటో. ఎర్ర సముద్రం ఎండలో చొక్కా విప్పేసి రెయిలింగుకు తెల్ల పెయింటు వేస్తుంటే వంటవాడు వెనకనుంచి తీశాడన్నావు. 'నీ మొగుడి అందం చూసుకో' అని వెనకాల రాశావు. అమ్మ పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వుతూనే చూశాను బెరో, నవ్వుతుండగానే నా చూపు నీ వీపు మీద ఒకచోట ఆగిపోయింది.

నీ ఎడమ భుజం కింద ఉన్న మచ్చ. వేసవిలో నువ్వు ఇంట్లో ఉన్నప్పుడు అది పప్పుగింజంత, గుండ్రంగా, గోధుమ రంగులో ఉండేది. ఫోటోలో గుండ్రంగా లేదు. ఒక పక్కకు పాకింది, అటువైపు నల్లగా ఉంది. పెయింటు చుక్కేమో అనుకున్నాను. కానీ పెయింటు తెల్లది కదా. ఉత్తరం మళ్ళీ చదివాను. వీపు మీద ఏదో దురద పెడుతోంది, చొక్కాకు రక్తం మరక అవుతోంది, దోమలు కాబోలని రాశావు. నడిసముద్రంలో దోమలేమిటయ్యా నీ మొహం!

ఫోటో లేబరేటరీకి తీసుకెళ్ళి భూతద్దం కింద పెట్టాను. మా ప్రొఫెసర్ రద్మిలా కాఫీ కప్పుతో వచ్చింది. "ఏమిటీ, మొగుడి వీపు మీద కూడా పరిశోధనేనా?" అంటూ వంగింది. వంగిన మనిషి నవ్వడం మానేసింది.

"పెయింటే కదండీ?" అన్నాను. ఏం వినాలనుకున్నానో ఆవిడకు తెలుసు.

"ఫోటో చూసి ఎవరూ తేల్చలేరు నెవెంకా. గ్రీజు మరకైనా కావచ్చు."

"మీ ఆయన వీపైతే ఏం చేస్తారు?"

"ఓడ ఇల్లు చేరేదాకా మాత్రం ఆగను."

ఆ రోజు నుంచి నేను నా పళ్ళేల దగ్గర కూర్చోలేకపోతున్నాను. మైక్రోస్కోపులో కణాలు ఒకదాని మీదొకటి ఎక్కుతుంటే నాకు నీ వీపే కనిపిస్తోంది. ఇన్నేళ్ళూ అవి ఎవరివోనని ఆలోచించలేదు. పళ్ళేల్లో కణాలంతే. ఇప్పుడు ప్రతి ముక్క వెనకా ఒక మనిషి ఉన్నాడని తెలుస్తోంది. భయంగా ఉంది బెరో. చాలా భయంగా ఉంది. అమ్మకు చెప్పలేదు. గిన్నెలు ఎందుకు జారవిడుస్తున్నానని ఆవిడ తిడుతోంది.

ఇప్పుడు అసలు సంగతి. నా ఒంట్లో ఏ నలత ఉన్నా ఓడ కంపెనీ చెవిన వెయ్యకు, ఈ ట్రిప్పు పూర్తయితే నన్ను బోసన్‌ని చేస్తారు, డెక్కంతా నా చేతి కింద ఉంటుంది అన్నావు. పదేళ్ళుగా దానికోసమే చూస్తున్నావని నాకు తెలుసు. నేను కంపెనీకి వెళ్ళాను. ఫోటో బల్ల మీద పెట్టి అంతా చెప్పాను. ముందు నిన్ను అడగలేదు. అడిగితే వద్దంటావు.

ఈ ఉత్తరాన్ని పీరేయస్ రేవులో కంపెనీ ఏజెంటు నీ చేతికిస్తాడు. ఒకసారి తలెత్తి చూడు. అతని వెనక పెట్టె పట్టుకుని నిలబడినవాడు నీ బదులు ఓడ ఎక్కడానికి వచ్చాడు. అతన్ని కసురుకోకు, అతని తప్పేం లేదు. తిన్నగా ఏజెంటుతో ఆస్పత్రికి వెళ్ళు. ఓడ దిగేటప్పుడు చొక్కా వేసుకో.

అది గ్రీజు మరకే అయితే ఇంటికొచ్చి నన్ను తిట్టు. నీ బోసన్ పని పోగొట్టానని రోజూ తిట్టు, ముసలివాడివయ్యేదాకా తిట్టు. ఆ తిట్లు వినాలనే ఉంది నాకు.

ఇట్లు,
నీ వీపు నీకు బదులు చూసే
నీ భార్య,
నెవెంకా